అరవై ఎనిమిది తట్టల బురద

జూన్ 21

నిన్న రాత్రి ఈ ఏడాది మొదటి పెద్ద వాన. పొద్దున్నే పాలు పోసే అబ్బాయి సైకిలుతో సహా మా గేటు లోపల జారిపడ్డాడు. మోచేయి చెక్కుకుపోయింది, రెండు లీటర్ల పాలు బురదలో కలిశాయి. "పోయినేడు కూడా ఇక్కడే పడ్డాను బాబుగారూ" అన్నాడు. నిష్ఠూరంగా కూడా అనలేదు, ఊరికే గుర్తుచేశాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఈ వానాకాలంలో ఈ బాట సంగతి తేల్చాలని, తేలేదాకా లెక్క రాయాలని పాత చిట్టా పుస్తకం ఒకటి తీశాను. ముప్ఫయ్యేళ్లు రైసుమిల్లులో గుమస్తాగా బస్తాలు లెక్కపెట్టినవాణ్ణి. రాసి పెట్టకపోతే నాకు ఏ పనీ జరిగినట్టుండదు.

ముందు స్థలం సంగతి. మా ఇల్లు ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి ఊరి చివర, చిన్న గుట్ట వాలులో ఉంది. రోడ్డు కింద, ఇల్లు పైన. గేటు నుంచి వరండా దాకా సిమెంటు బాట పద్నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు. మా అబ్బాయి కారు ఎక్కిరావడానికని పోయించాం. వాడు ఏడాదికి రెండుసార్లు వస్తాడు. మిగతా రోజుల్లో దాని మీద నా స్కూటరు, వానాకాలంలో గుట్ట మీది మన్ను తిరుగుతుంటాయి. పైనుంచి కిందికి మీటరున్నర పల్లం. గేటుకు ఐదు మీటర్ల ముందు బాట చదునవుతుంది. పరుగున దిగిన నీళ్లు అక్కడికి వచ్చేసరికి నెమ్మదిస్తాయి, మోసుకొచ్చిన మన్నంతా అక్కడే దించేస్తాయి. పై భాగంలో బురద నిలవదు గానీ పనసచెట్టు నీడలో పచ్చగా పాచి పడుతుంది. కాబట్టి జబ్బులు రెండు. ఇన్నేళ్లూ రెండింటికీ ఒకటే మందు వాడాను: కొబ్బరి ఈనెల చీపురు, నాలుగు తిట్లు.

గుట్ట మొదటి నుంచీ ఇలా లేదు. తుప్పలు, జీడిమామిడి చెట్లు ఉన్నంతకాలం వాననీరు తేటగానే దిగేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీద పడింది. ఆ ఒక్క రోజులో సగం చెట్లు కూలిపోయాయి. మిగిలిన సగాన్ని ఆ తర్వాత ప్లాట్ల కోసం మనుషులే కొట్టారు. ఇప్పుడు మా పెరటి గోడ మీంచి చూస్తే తోలు ఒలిచినట్టు ఎర్రటి మన్ను కనిపిస్తుంది.

జూన్ 22

కూలికి మనిషిని పిలిచాను. కొండ ఊరి సవర మనిషి, మా వీధిలో అందరికీ తెలిసినవాడు. బురదను ఒడియాలో "కాదుఅ" అంటాడు, నాతో తెలుగులో బురద అంటాడు, తట్ట ఎత్తేటప్పుడు మాత్రం సవర భాషలో ఏదో అంటాడు. అది బురదకు పేరో నాకు పేరో అడగలేదు.

అతను పారతో ఎత్తుతుంటే నేను తట్టలు లెక్కపెట్టాను. మిల్లు నుంచి తెచ్చుకున్న వేలాడే కాటా ఒకటి ఇంట్లో ఉంది. దానికి తగిలిస్తే ఒక్కో తట్ట పదిహేను కిలోలకు కాస్త అటూ ఇటూ తూగింది. మొత్తం అరవై ఎనిమిది తట్టలు, అంటే 1,020 కిలోలు. నమ్మలేక కాగితం మీద మళ్లీ వేశాను. చదును భాగం ఐదు మీటర్లు, వెడల్పు మూడు, బురద మందం సగటున నాలుగు సెంటీమీటర్లు. 0.6 ఘనపు మీటర్లు. తడి మన్ను ఘనపు మీటరుకు 1,700 కిలోలు వేసుకుంటే అదే అంకె వచ్చింది. ఒక్క రాత్రి వానకు టన్ను మన్ను నా గేటు దగ్గరికి నడిచి వచ్చిందన్నమాట.

ఐదు గంటల పని. కూలి 500 రూపాయలు, టీ, ఇడ్లీ వేరు. ఇలాంటి వానలు సీజనుకు ఎనిమిదో పదో వస్తాయి.

జూన్ 23

తమ్ముడు ఫోను చేశాడు. వాడు కెనడాలో, విన్నిపెగ్‌లో ఉంటాడు. పోయిన జనవరిలో ఇంటి ముందు మంచు తోస్తున్న వీడియో పంపితే "మంచంటే దూది కదరా, దానికి అంత ఆయాసమా" అని నవ్వాను. ఇవాళ నా తట్టల లెక్క చెప్పగానే వాడు కాగితం తీసుకున్నాడు. గుమస్తా తమ్ముడు మరి. వాడి కారు బాట అరవై చదరపు మీటర్లు. పదిహేను సెంటీమీటర్ల మంచు పడితే తొమ్మిది ఘనపు మీటర్లు. కొత్తగా పడిన మంచు ఘనపు మీటరుకు వంద కిలోలు అనుకుంటే తొమ్మిది వందల కిలోలు. గాలికి అణిగి గట్టిపడితే దానికి రెండు మూడింతలు.

"నీ బురదంత బరువు అన్నయ్యా. నీకు సీజనుకు పదిసార్లు. నాకు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా." జనవరి నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది.

వాళ్లు ఏ ఏ పద్ధతులు వాడతారో అడిగి రాసుకున్నాను. చేత్తో తోసే వెడల్పాటి పార ఒకటి. యంత్రాలు రెండు రకాలు. చిన్నదానికి ముందు రబ్బరు రెక్క ఉంటుంది, అది నేలను రాసుకుంటూ మంచును గీకి గొట్టంలోంచి విసిరేస్తుంది. కొద్దిపాటి మంచుకు అది చాలు. పెద్దదానిలో మర లాంటి పళ్లు మంచును లోపలికి లాగితే, వెనక ఉన్న పంకా దూరంగా ఎగజిమ్ముతుంది. గొట్టంలో మంచు ఇరుక్కుంటే ఇంజను ఆపిన తర్వాత కూడా చేయి పెట్టకూడదట. బిగుసుకున్న మర ఇరుకు వదలగానే ఒక్కసారి తిరిగి వేళ్లు తీసుకుపోతుంది. ఇక ఉప్పు. ఉప్పు చల్లితే మంచు కరుగుతుంది గానీ, చలి సున్నాకు పది డిగ్రీల కిందికి దిగితే దాని పని దాదాపు అయిపోయినట్టే. అందుకే వాళ్ల ఊళ్లో జారకుండా ఇసుక చల్లుతారు. పైగా ఉప్పు కాంక్రీటునూ కారు అడుగునూ తినేస్తుంది.

చివర్లో వాడు చెప్పిన రెండు మాటల కింద గీత గీసుకున్నాను. ఒకటి, మంచును ఎత్తకూడదు, తోయాలి. వంగి ఎత్తి విసిరితే నడుముకూ గుండెకూ ముప్పు, ఏటా చలికాలంలో అలా గుండె ఆగి పోయేవాళ్లు ఉంటారు. రెండు, పడుతుండగానే తోసెయ్యాలి. తొక్కుడు పడి బిగిశాక కాదు.

జూన్ 26

ఉన్న దారులు చూసుకున్నాను.

జేసీబీవాడు గంటకు తక్కువ పనికి రానన్నాడు. వచ్చినా మా గేటు పట్టదు. నూతి మోటారుకు పైపు తగిలించి కడిగెయ్యడం పోయినేడు చేశాను. బురద నా బాట వదిలి రోడ్డు పక్క కాలువలోకి పోయింది, కాలువ పూడి నీళ్లు పక్కింటి మాస్టారి గుమ్మంలోకి పోయాయి. నెల రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. మనిషిని పెట్టుకుంటే సీజనుకు ఐదు వేలు, అదీ మనిషి దొరికితే. వాన పడిన రోజునే ఊరందరికీ మనిషి కావాలి, నాట్ల రోజుల్లో అసలే దొరకడు.

మా ఆవిడ అభిప్రాయం: "ఆ కారు బాట పోయించవద్దని నేను అప్పుడే చెప్పాను." ఇది కూడా లెక్కలో రాస్తున్నాను.

జూన్ 29

వీధి చివర బైకులు కడిగే కుర్రాడి దగ్గర ప్రెషర్ వాషర్ అద్దెకు తెచ్చాను. పూటకు 300. ముందు పాచి మీద పెట్టాను. గీత గీసినట్టు తెల్లటి సిమెంటు బయటపడుతుంటే చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను. ఆ సరదాలోనే తప్పు చేశాను. ఒకచోట పాచి మొండిగా ఉందని గొట్టం మూతిని నేలకు జానెడు దూరం కూడా ఉంచకుండా పట్టుకున్నాను. పాచితోపాటు పైపూత సిమెంటు కూడా లేచిపోయి, అరచేయంత మేర కంకర తేలింది. ఇప్పుడు ఆ గుంటల్లోనే ముందుగా పాచి పడుతుంది, గీకినా రాదు.

బురద మీద మాత్రం అది దండగ. నిమిషానికి ఆరు లీటర్ల సన్నటి ధార టన్ను మన్నును ఏం కదుపుతుంది? పై పొరను చిమ్మి నా లుంగీ మీద పోసింది. కదిలిన కాస్తా మళ్లీ కాలువ వైపే నడిచింది. మాస్టారు గోడ మీంచి చూశారు. ఆపేశాను.

జూలై 3

పాచికి బ్లీచింగ్ పౌడర్. పోయినేటి పొట్లం అటక మీద ఉంటే కలిపి చల్లాను. అరగంటైనా పాచి పచ్చగానే నవ్వుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసనే లేదు. మూత సరిగ్గా లేకపోతే దానిలో మందు గాలికే పోతుంది. కొత్తది తెచ్చాను. బక్కెట్టు నీళ్లకు అరకిలో. వాన లేని పొద్దుట చల్లి, ఇరవై నిమిషాలు ఆగి, గట్టి కుచ్చుల బ్రష్షుతో రుద్దితే పాచి చచ్చి గోధుమ రంగుకు తిరిగి ఊడి వచ్చింది. కడిగిన నీళ్లు అరటి పాదుల్లోకి పోకుండా ఇటుకలు అడ్డం పెట్టాను. హార్డ్‌వేర్ కొట్టతను యాసిడ్ కూడా కలిపితే ఇంకా బాగా పోతుందన్నాడు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది, వద్దని నేనే అతనికి చెప్పవలసి వచ్చింది. కొట్లో పార కావాలంటే మా వాళ్లు ఒడియాలో "కోదాల" అని అడుగుతారు, అతను తెలుగులో "ఏ పార?" అంటాడు. యాసిడ్ వద్దని చెప్పడానికి నేను రెండు భాషలూ వాడాను.

పాచి పని అంతే. నెలకోసారి. పనస కొమ్మలు రెండు కొట్టించాను, ఎండ పడుతోంది.

జూలై 8

మిల్లులో కళ్లం మీద ఎండబోసిన ధాన్యాన్ని కుప్పకు లాగడానికి పొడుగు చెక్కకు కర్ర బిగించి వాడేవాళ్లం. తమ్ముడి మంచు పార ఫొటో చూస్తుంటే అదే గుర్తొచ్చింది. తేడా ఒక్కటే, వాళ్లది వంపు తిరిగి ఉంది. ఎందుకు వంపని అడిగితే, తోసిన మంచు పలక మీదికి ఎక్కకుండా ముందుకే దొర్లుతుందన్నాడు. వంపు తిరిగిన పలక మనకెక్కడ దొరుకుతుంది అనుకుంటూ నీళ్లు తోడుకోవడానికి వెళ్తే నూతి పక్కన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కనిపించింది. రెండు వందల లీటర్లది, అడుగున పగిలింది. అడ్డుకొలత 58 సెంటీమీటర్లు, ఎత్తు 88. నిలువుగా నాలుగో వంతు కోస్తే 45 సెంటీమీటర్ల వంపు వస్తుంది.

జూలై 10

కోశాను. ముందు సుద్దముక్కతో గీత గీసి, మూలల్లో రంధ్రాలు చేసి, హాక్సా బ్లేడును గుడ్డ చుట్టి చేత్తోనే పట్టుకుని లాగాను. ప్లాస్టిక్ వేడెక్కి బ్లేడును పట్టేస్తుంది, మా ఆవిడ పక్కన నిలబడి నీళ్లు పోస్తుంటే తెగింది. రెండు గంటలు పట్టింది. కోసిన ముక్క నేల మీద పెడితే చిన్న దోనెలా ఊగింది.

కర్రకు పెరట్లో వెదురు. అంచుకు ఇనప పట్టీ, మూడు మిల్లీమీటర్ల మందంది, ఐదు బోల్టులతో. సాయంత్రానికి అందంగానే తయారైంది. వీధి పిల్లలు పడవా అని అడిగారు.

జూలై 14

రాత్రి వాన. చదునులో మూడు సెంటీమీటర్ల బురద. పొద్దున ఆరింటికి కొత్త పనిముట్టు తీసుకుని దిగాను. ఒక మీటరు తోశాను. రెండో మీటరు కదల్లేదు. బలం చాలదేమోనని పొట్ట ఆనించి తోశాను. పట్టీ అంచు కాంక్రీటు అతుకులో తగులుకుని పలక ఆగింది, నేను ఆగలేదు, వెదురు చివర నాభి కింద పొడిచింది. అరుగు మీద కూర్చుని ఊపిరి తీసుకునేసరికి వెదురు బోల్టు దగ్గర నిలువునా చీలి ఉంది.

కూర్చున్నచోటే లెక్క వేశాను. 88 సెంటీమీటర్ల పలక మూడు సెంటీమీటర్ల బురదను తోస్తే, మీటరుకు నలభై ఐదు కిలోలు ముందు పోగవుతుంది. రెండు మీటర్లకు తొంభై. తమ్ముడు పది సెంటీమీటర్ల మంచును అంతే వెడల్పు పలకతో తోస్తే మీటరుకు తొమ్మిది కిలోలు. మంచు పార కొలతలు మంచుకే గానీ మన్నుకు కావు. ఈ లెక్క డ్రమ్ము కోయకముందే వేసి ఉంటే పొట్ట మిగిలేది.

జూలై 16 – 19

మార్చినవి:

పలకను 60 సెంటీమీటర్లకు కోశాను. ఇనప పట్టీ తీసేసి, లారీ వెనక చక్రాల దగ్గర వేలాడే రబ్బరు పలక పాతది ఒకటి పాతపట్నంలో టైర్ల షాపు దగ్గర అడిగి తెచ్చాను. నదికి ఇవతల ఒడిశా, అవతల ఆంధ్రా, పాత రబ్బరు మాత్రం ఎటు దొరికితే అటు. దాన్ని పలక అంచు కంటే రెండు సెంటీమీటర్లు బయటికి ఉండేలా బిగించాను. రబ్బరు అతుకు మీదికి వంగి దాటిపోతుంది, నేలను తుడిచినట్టు గీకుతుంది. చిన్న మంచు యంత్రానికి రబ్బరు రెక్క ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

వెదురు సంగతి. బోలుగా ఉన్నచోట రంధ్రం చేసి బోల్టు బిగిస్తే చీలక ఏం చేస్తుంది? కొత్త వెదురు తీసుకుని, చివర లోపల టేకు ముక్క చెక్కి కూరాను, పైన కట్టుతీగ పన్నెండు చుట్లు చుట్టి, అప్పుడు రంధ్రం చేశాను. కర్రకు, పలక పై అంచుకు మధ్య రెండు ఏటవాలు పట్టీలు. అవి లేకపోతే బరువు పడగానే పలక మెడ వాల్చేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మార్పు పనిముట్టులో కాదు. బాటకు రెండు వైపులా పది సెంటీమీటర్ల ఎత్తు సిమెంటు గట్టు ఉంది. ఎడమ వైపు అరటి పాదుల పక్కన ఆ గట్టును రెండు చోట్ల మూరెడు మేర పగలగొట్టాను. ఇక బురదను ఐదు మీటర్లు నిలువుగా తోయనక్కరలేదు, అడ్డంగా సగటున మీటరున్నర తోస్తే పాదుల్లో పడుతుంది.

జూలై 23 – 24

మధ్యాహ్నం వాన. ఈసారి వాన తగ్గుముఖం పట్టగానే, ఇంకా తుంపర పడుతుండగానే గొడుగు లేకుండా దిగాను. మా ఆవిడ వరండాలోంచి "ఏమండీ, ఆ వయసులో..." అని ఏదో అంటోంది. బురద అప్పటికి చిక్కటి గంజిలా ఉంది. రబ్బరు అంచు ముందు అది మడత పడి, నూనె పూసినట్టు జారింది. నలభై నిమిషాల్లో గేటు దగ్గర సిమెంటు కనిపించింది. ఎత్తిన తట్టలు: సున్నా.

పోల్చి చూద్దామని ఒక మూల గజం మేర వదిలేశాను. మర్నాడు ఎండ కాసింది. సాయంత్రానికి అది అట్టలా బిగిసి, పగుళ్లిచ్చి, పారతో కొడితే పెళ్లలుగా లేచింది. ఆ గజానికే ఇరవై నిమిషాలు. మంచు తొక్కుడు పడకముందే అని తమ్ముడు అన్నది ఇదే.

జూలై 30

కొత్త చిక్కు. రోడ్డు పక్క కాలువ పూడిక తీసేవాళ్లు వచ్చి, తీసిన నల్లటి పూడికను వరసగా ఇళ్ల గేట్ల ముందు కుప్పలు పోసి వెళ్లిపోయారు. ఎత్తుకెళ్లే బండి రేపు వస్తుందన్నారు. నాలుగు రోజులైంది. తమ్ముడికి చెబితే పడిపడి నవ్వాడు. వాళ్ల ఊళ్లో రోడ్డు మీది మంచు తోసే బండి పోతూ పోతూ ప్రతి ఇంటి గేటు ముందూ గట్టి మంచు గట్టు వేసి పోతుందట. అందరూ బాట శుభ్రం చేసుకుని చేతులు దులుపుకున్న తర్వాతే వస్తుందట.

ఆగస్టు 4

తోయడం కుదిరింది గానీ, వానకోసారి తడుస్తూ తోయడం అరవై రెండేళ్ల మనిషికి జీవితాంతం కుదరదు. మంచు ఆకాశంలోంచి పడుతుంది, తమ్ముడు దాన్ని పైన ఆపలేడు. నా బురద పెరటి గోడ వెనక నుంచి నడిచొస్తోంది. దాన్ని దారిలో ఆపవచ్చు కదా?

అయితే ఏది ఆగుతుంది, ఏది ఆగదు? వాన పడుతుండగా బాట మీది ఎర్రనీళ్లు గాజు సీసాలో పట్టి, కుదిపి, కిటికీలో పెట్టాను. నిమిషం గడవకముందే అడుగున వేలు మందం ఇసుక దిగింది. గంటన్నరకు దాని మీద నున్నటి ఒండు పొర. పైన నీళ్లు మాత్రం టీ రంగులోనే ఉన్నాయి. మర్నాడు పొద్దున కూడా తేటపడలేదు. ఆ రంగు బంకమన్నుది, అది అంత తొందరగా దిగదు. మూడో రోజు మా ఆవిడ కషాయం పాడైందనుకుని సీసా కడిగేసింది.

అప్పటికి నాకు కావలసింది తెలిసిపోయింది. అడుగున దిగినదాంట్లో సగానికి పైగా ఇసుక. నీళ్లను ఒక్క నిమిషం నెమ్మదింపజేస్తే అది గుంటలో పడిపోతుంది. బంకమన్ను నీళ్లతో పాటే కాలువలోకి పోతుంది, పోనీ. చిక్కటి బురద చేసి నా బాట మీద కూర్చునేది ఇసుకా ఒండూ.

ఆగస్టు 9 – 17

పెరటి గోడ వెనక పన్నెండు మీటర్ల పొడవున అడ్డ కాలువ తవ్వించాను. వెడల్పు అడుగు, లోతు అడుగు. సవర మనిషి, అతని తమ్ముడు, మూడు రోజులు. కాలువ చివర గుంట: మీటరున్నర పొడవు, మీటరు వెడల్పు, 80 సెంటీమీటర్ల లోతు. రెండు టన్నుల మన్ను పడుతుంది. గోడలకు రాళ్లు పేర్చారు, సిమెంటు పెట్టవద్దన్నాను. నీళ్లు నిలిస్తే దోమలు, మా జిల్లాలో మలేరియా కొత్త చుట్టం కాదు. అడుగున కంకర పోసి, రాళ్ల సందుల్లోంచి నీళ్లు ఇంకిపోయేలా వదిలాం. పై అంచుకు ఒక జాన కింద ఆరంగుళాల పైపు, నిండిన నీళ్లు దానిలోంచి రోడ్డు కాలువకు పోతాయి. పైన పాత ఇనప గ్రిల్లు మూత.

సవర మనిషి ఒక దిద్దుబాటు చేశాడు. నేను కాలువను తిన్నగా గుంటలో పడేలా గీశాను. అతను చూసి తల అడ్డంగా ఊపి, చివర మూరెడు వంపు తిప్పాడు, మెట్టులా ఒక రాయి పెట్టాడు. కొండ మీద వాళ్లు మడులకు రాళ్ల గట్లు కడతారు. నీళ్లు తిన్నగా ఉరికితే గుంటలో మన్నును మళ్లీ లేపుతాయని అతనికి తెలుసు, సీసా అక్కరలేదు.

ఖర్చు: కూలి మూడు వేలు, పైపు 900, కంకర 700.

ఆగస్టు 24

కాలువకు పైన, గుట్ట వైపు, వట్టివేరు గడ్డి నాటాను. వేసవిలో తడికలకు వాడే వట్టివేళ్లే. వేళ్లు పక్కలకు పాకవు, నిలువునా రెండు మూడు మీటర్లు దిగుతాయి. దగ్గర దగ్గరగా నాటితే పైన ఆకు గోడలా అల్లుకుని మన్నును వడగడుతుంది. ఆరంగుళాలకొక పిలక చొప్పున రెండు వరసలు, నూట అరవై. పొలం గట్టు మీద పెంచిన రైతు ఒకాయన దుబ్బులు తవ్వి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు, నూకల బస్తా పంపాను.

అది గోడ కట్టడానికి రెండు వానాకాలాలు పడుతుంది. ఈలోగా మేకలు. నిన్న పదిహేడు పిలకలు కొరికేశాయి. ముళ్లకంప వేశాను.

సెప్టెంబరు 10

రెండు వానలకు కలిపి బాట మీద పదకొండు తట్టల బురద, తోసినదాన్ని కళ్లతో వేసిన అంచనా. గుంట సగం నిండింది. తవ్వి తీస్తే అరవై మూడు తట్టలు, ఈసారి కాటాకు వేశాను. పొడి ఇసుక, శుభ్రంగా ఉంది. మాస్టారు చూసి, ప్రహరీ పూతకు రెండు బస్తాలు అడిగారు. పోయినేడు ఆయన గుమ్మంలోకి ఉచితంగా పంపిన మన్నే ఇది అని అనబోయి ఊరుకున్నాను.

అక్టోబరు 12

మాస్టారు డ్రమ్ము పార కూడా తీసుకెళ్లారు, వాళ్ల గేటు దగ్గర తోసుకోవడానికి. నాలుగు రోజుల తర్వాత వెళ్తే వాళ్లావిడ దాంతో డాబా మీద మినుములు కుప్ప చేస్తున్నారు. తిరిగి అడగలేదు. డ్రమ్ములో ఇంకా మూడు వంతులు మిగిలి ఉంది, రేపు ఇంకొకటి కోస్తాను. ఈసారి 55 సెంటీమీటర్లే.

అక్టోబరు 27

వాయుగుండం. రెండు రోజులు ఆగకుండా వాన. ఇంత వానకు జూన్‌లో అయితే తట్టలు లెక్కపెట్టే ఓపిక కూడా ఉండేది కాదు. ఇవాళ పొద్దున చూస్తే గుంట అంచుదాకా నిండి, పైపులోంచి ఎర్రనీళ్లు పోతున్నాయి. మధ్యలో ఎప్పుడో నిండిపోయి ఉంటుంది, చివరి నాలుగైదు గంటల మన్ను బాట మీదికే వచ్చింది. ఇరవై నిమిషాలు తోశాను. అంచనా తొమ్మిది తట్టలు. గుంట పక్కన రెండోది తవ్వాలా, వాన మధ్యలో ఒకసారి ఎత్తడం చాలా అన్నది వచ్చే ఏడు చూడాలి. వట్టివేరు మోకాలి ఎత్తు వచ్చింది.

ఇప్పటిదాకా ఖర్చు, వాషర్ అద్దె, బ్లీచింగ్, నూకల బస్తా అన్నీ కలిపి 7,150. మనుషులను పెట్టుకుని ఉంటే ఈ ఏడాదికి ఐదు వేలు అయ్యేది. వచ్చే వానాకాలానికి లాభంలో పడతాను, మేకలు పడనిస్తే.

ఆరున్నరకు పాలబ్బాయి వచ్చాడు. గేటు బయటే సైకిలు దిగి, హ్యాండిలు గట్టిగా పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నడిపించుకొచ్చాడు. బాట అద్దంలా ఉంది, ఎక్కి రావచ్చు కదరా అన్నాను.

"వద్దులెండి బాబుగారూ" అన్నాడు, పాలు కొలుస్తూ.